కుచ్చుల గలీబు

అది జులై నెల పదకొండో తేదీ, సోమవారం. ముందటి శుక్రవారం పట్టిన ముసురు ఇంకా వదలలేదు. వీధిలో గొడుగుల కింద మనుషులకు కాళ్ళు తప్ప మరేమీ లేనట్టుండేది. విశ్రాంత ఉపాధ్యాయుల సంఘం కార్యాలయంలో, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని నేను ఆ నెల సర్క్యులరులోని తప్పులు దిద్దుతున్నాను.

కార్యాలయమంటే ఒక గది, రెండు బల్లలు, ఒక కంప్యూటరు. దానికి అధిపతి మా గుమాస్తా. ఆమెను అందరం అక్కయ్యగారనే పిలిచేవాళ్ళం, వయసులో పెద్దవాడినైన నేను కూడా. ఆ కంప్యూటరుకు వైద్యుడు మరొక మనిషి, నలభై దాటినవాడు. ఫోనులో ఏ జబ్బు చెప్పినా ముందు "ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యండి" అంటాడు కనుక అతనికి రీస్టార్టు అని పేరు పడింది. తన సొంత అక్కను చేసుకున్న బావగారి కంప్యూటర్ల షాపులో అతని ఉద్యోగం. షాపులో కూర్చోవడమంటే అతనికి ప్రాణసంకటం. బావ కళ్ళెదుట కదలకుండా మెదలకుండా ఉండాలి. స్కూటరు మీద ఆఫీసులు తిరగడమే అతనికి మిగిలిన స్వేచ్ఛ.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు సాగలేను. జీవితమంతా వ్యాకరణం బోధించినవాడిగా నేను గమనించినదేమిటంటే, కంప్యూటరు చెడిన కార్యాలయంలో సకర్మక క్రియలు మాయమవుతాయి. ఎవరూ దేన్నీ ఆపరు, ఊడదీయరు, చెరపరు. అన్నీ వాటంతటవే ఆగిపోతాయి, ఊడిపోతాయి, చెరిగిపోతాయి. "నేనేమీ ముట్టుకోలేదు" అన్న వాక్యం ఒక్కటే కర్తతో సహా స్పష్టంగా వినిపిస్తుంది. అది విన్నప్పుడల్లా రీస్టార్టు కళ్ళు మూసుకుని, ముక్కుతో గట్టిగా గాలి పీల్చుకునేవాడు.

మా కంప్యూటరు జబ్బు విచిత్రమైనది. పొద్దున చక్కగా పనిచేసి, మధ్యాహ్నానికి ఎవరో పీక నొక్కినట్టు ఆగిపోయేది. అక్కయ్యగారు ఫోను చేసేవారు. అతను వచ్చేసరికి అది బుద్ధిమంతురాలైన విద్యార్థినిలా పనిచేసేది. అతను ఫ్యాను మార్చాడు, వైర్లు మార్చాడు, గోడలోని ప్లగ్గు మార్పించాడు, చివరికి లోపలి పవర్ సప్లై కూడా మార్చాడు. వెళ్ళిన మర్నాడు మళ్ళీ అదే తంతు. ఆ సోమవారం పొద్దున బావగారు తేల్చి చెప్పారట: ఆ సంఘం నుంచి ఇంకొక్క ఫిర్యాదు వస్తే, తిరుగుడు పని వేరొకరికి అప్పగించి అతన్ని కౌంటరు వెనక కూర్చోబెడతానని. ఈ సంగతి మాకప్పటికి తెలియదు.

మధ్యాహ్నం కంప్యూటరు ఆనవాయితీ తప్పకుండా ఆగిపోయింది. అక్కయ్యగారు నిట్టూర్చి షాపు నంబరు నొక్కారు. సరిగ్గా అప్పుడే రీస్టార్టు, దారిలో తడిసి ముద్దయి, కాసేపు తలదాచుకుందామని మా గుమ్మంలోకి వచ్చాడు. పిలవకుండా అతను రావడం అదే మొదలు. ఆమె గాభరాగా, ఒక చేత ఫోను పట్టుకునే, రెండో చేత్తో బల్ల కింది కంప్యూటరు పెట్టె మీది గుడ్డ లాగబోయారు.

"తియ్యకండి," అన్నాడతను. "అలాగే ఉంచండి."

దూది పెట్టి కుట్టిన గలీబు అది. అంచంతా కుచ్చులు, ముందువైపు మీట నొక్కడానికి కాజా లాంటి చిన్న కన్నం. తక్కిన పెట్టె అంతా, వెనక ఫ్యానుతో సహా, చలికి చుట్టిన పసిబిడ్డలా ఉంది. అతను మోకాళ్ళ మీద కూర్చుని, గుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చి, చురుక్కుమనడంతో వెనక్కి తీసుకున్నాడు.

"ఇదెప్పట్నుంచి అక్కయ్యగారూ?"

"కొన్నప్పట్నుంచీ. దుమ్ము పడకూడదని నేనే కుట్టాను."

"నేనొచ్చినప్పుడు ఒక్కసారీ కనబడలేదే?"

"నువ్వొస్తున్నావంటే తీసి, పెట్టె తుడిచి, సొరుగులో పెట్టేదాన్ని. డాక్టరొస్తే దుప్పటి కప్పుకునే చూపించుకుంటామా తమ్ముడూ? ఇవాళ నువ్వే చెప్పాపెట్టకుండా వచ్చేశావు."

రీస్టార్టు ఒక కుచ్చును రెండు వేళ్ళతో పట్టి ఎత్తాడు.

"నేను దాని గుండె మార్చాను, నరాలు మార్చాను. మీరేమో మొహం మీద దిండు పెట్టారు."

ఇంతలో ఫోనులోంచి బావగారి హలో వినిపించింది. తర్వాత మరింత గట్టిగా ఇంకొకటి. రీస్టార్టు మొహం పాలిపోయింది. ఈ ఫోనుతో తన తిరుగుడు పని పోతుందని రెండు ముక్కల్లో గొణిగాడు. అక్కయ్యగారు ఫోనును నింపాదిగా చెవికి ఆనించుకున్నారు.

"ఏం లేదు బాబూ. మీ బావమరిది కంప్యూటరు జబ్బు పట్టేశాడు, ఆ మాట చెబుదామని చేశాను. మీ ఆవిడ పుట్టింటివాళ్ళందరూ ఇంత ఓపికమంతులేనా?"

ఓపికమంతుడు నేల మీదే కూలబడి, గలీబు ఊడదీసి, దానితో తడి తల తుడుచుకున్నాడు. పుట్టాక ఆ గుడ్డ చేసిన మొదటి ఉపకారం అదే. దాన్ని ఆమెకు తిరిగి ఇవ్వకుండా సంచిలో కుక్కుకుని వెళ్ళిపోయాడు. కంప్యూటరు మరి ఆగలేదు. అతని తిరుగుడూ ఆగలేదు.

చాలా ఏళ్ళ తర్వాత, నిరుడు అతని దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఎర్ర సిరా కలం పట్టకుండా నేను చదివిన ఉత్తరాలు కొన్నే, అందులో ఇదొకటి.

"మాస్టారుగారికి నమస్కారం. సొంత షాపు పెట్టుకున్నాను. ఇప్పటికీ తిరుగుడు నేనే తిరుగుతాను. వస్తున్నానని మాత్రం ఎవరికీ చెప్పను. అందరికీ నా మీద కోపమే. మొన్న ఒక ఆఫీసులో ఒకాయన నన్ను చూడగానే పెట్టె వెనక నుంచి తడి మేజోళ్ళు తీసుకున్నాడు, ఆరబెట్టాడట. ఇంట్లోనూ సుఖం లేదు. మధ్యాహ్నాలు నెట్టు పోతోందని మా ఆవిడ ఒకటే సతాయింపు. నేను సాయంత్రం వచ్చి చూస్తే బాగానే ఉంటుంది. ఇవాళ చెప్పకుండా మధ్యాహ్నమే వెళ్ళాను. రౌటరుకు గలీబు కుట్టింది. దానికీ కుచ్చులు. నాకు నచ్చదేమోనని నేను వచ్చే వేళకు తీసి దాస్తోందట. పైగా నేనేమీ ముట్టుకోలేదు అంటోంది. అక్కయ్యగారిని అడిగానని చెప్పండి."