జేబుమీది పేరు

హోటల్ లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే అతనికి, చొక్కా జేబుమీది పేరు బిళ్ళను బొటనవేలితో మాటిమాటికీ తడుముకోవడం అలవాటు. దానిమీద ఉన్నది అతని పేరు కాదు. అసలు పేరు ఎనిమిదేళ్ళ అక్క ముచ్చటపడి ఉయ్యాలలోని తమ్ముడికి పెట్టింది. ఈ పరాయి దేశంలో మరుగుదొడ్లు కడిగే మందుకు అదే పేరు. ఆ సీసా లేని ఇల్లు లేదు. పాత పనిచోట, "నువ్వొచ్చావుగా, ఇక సీసా దేనికి!" అని మూడేళ్ళు నవ్వారు. వాళ్ళతోపాటు అతనూ నవ్వాడు. ఇక్కడ చేరినరోజే వేరే పేరు చెప్పాడు.

తమ్ముణ్ణి చూడ్డానికి ఊరినుంచి వచ్చిన అక్క, మొన్న మధ్యాహ్నం క్యారియర్‌తో లాండ్రీ కిటికీ దగ్గరికే వచ్చి, తను పెట్టిన పేరు చెప్పి అడిగింది. లోపల నలుగురూ గొల్లున నవ్వారు. అలాంటివాళ్ళెవరూ లేరని సూపర్‌వైజరు తల అడ్డంగా ఊపింది. అక్క ఈసారి ఒక్కో అక్షరం విడదీసి ఆ పేరే మళ్ళీ చెప్పింది. దుప్పట్ల దొంతర వెనక అతను కదల్లేదు. చెప్పుల చప్పుడు దూరమయ్యేదాకా బొటనవేలు బిళ్ళమీదే ఉంది.

సాయంత్రం అక్క ఆ అన్నమే వేడిచేసి వడ్డించింది.

"మీవాళ్ళు నువ్వెవరో తెలీదన్నార్రా. వేరేచోటికి పోయానో ఏమో!"

అతను ముద్ద మింగాడు.

"పేరు పెట్టినదాన్నే, నాకే సరిగ్గా పలకడం రాలేదేమోలే" అని నవ్వి, ఇంకో గరిటె వేసింది.

అతను వద్దనలేదు, తలా ఎత్తలేదు.