పదో మనిషి

గల్ఫ్‌లోని ఇంటర్నేషనల్ సిటీలో వాచ్‌మన్‌గా పనిచేసే మాజీ హవల్దార్ షద్రక్‌కి ఎడమ చెవి సగమే ఉంది. మిగతా సగాన్ని సరిహద్దు కొండ మీద తూటా ఎగరేసుకుపోయింది. గడ్డం రోజూ రెండుసార్లు గీసుకుంటాడు. ఎవరు పలకరించినా తన ఘనతలు చెప్పందే వదలడు: ఊరి బడిలో ఏడో తరగతి, పదిహేడేళ్ళ సర్వీసు, రెండు పతకాలు, 2021లో తన గదిలోనే స్థాపించిన తెలుగు యూదు మాజీ సైనికుల పోస్టు అనే సంఘం. "గుంటూరు యూదులం బాబూ, కిరస్తానీలం కాదు" అని కూడా చేరుస్తాడు. పోస్టులో సభ్యుడు, తనతో సరిహద్దులో పనిచేసిన ఎలీషా గుండెపోటుతో పోయాక మిగిలింది పదిమంది. పోయినవాడి కోసం చదివే ప్రార్థనకి పదిమంది మగాళ్ళు ఉండి తీరాలి.

ఆ ఆదివారం ప్రార్థనకి షద్రక్ గదిలో పదిమందీ చేరాక వాళ్ళలో ఒకడైన నెహెమ్యా గొణిగాడు. "బంకర్ వదిలి పారిపోయినోడికి ప్రార్థనేంది బావా?" షద్రక్ పిడికిలి అతని మూతి మీద పడింది. పన్ను ఊడి చాప మీద దొర్లింది. నెహెమ్యా స్టీలు చెంబుతో కొడితే షద్రక్ కనుబొమ చీలింది. గోడకేసి ఒకరినొకరు బాదుకుంటుంటే మిగతావాళ్ళు విడదీశారు. "ఖలాస్! తొమ్మండుగురూ చదువుకోండి" అంటూ నెహెమ్యా బయల్దేరాడు. షద్రక్ తలుపుకి అడ్డం నిలబడ్డాడు. కంట్లోకి నెత్తురు కారుతోంది. "నన్ను వీపున మోసుకుని దిగాడ్రా. అందుకే బంకర్ వదిలాడు. ఇన్నేళ్ళూ సిగ్గేసి ఎవరికీ చెప్పలా."

"అదేదో ముందే ఏడవచ్చుగా" అంటూ నెహెమ్యా నోట్లో నెత్తురు ఉమ్మి వచ్చి, ప్రార్థనకి అతని పక్కనే నిలబడ్డాడు.