నేను చూడని బిడ్డ

పెళ్ళయిన పదో రోజుకే పటాన్‌చెరు వచ్చేశాం. మా ఆయన అక్కడ కారు విడిభాగాలు చేసే కంపెనీలో మెషిన్ ఆపరేటర్. రెండు నెలలు తిరక్కుండానే నాకూ ఒక మందుల కంపెనీలో పని దొరికింది. మాత్రలు రేకుల్లో సరిగా పడ్డాయో లేదో చూసి, పగిలినవాటిని తీసి పక్కన పడేయడం నా పని.

మూడో అంతస్తులో ఒక గది, చిన్న వంటిల్లు. కింది గదుల్లో బీహార్ నుంచీ ఒడిశా నుంచీ వచ్చిన పనివాళ్ళు. గాలి మావైపు తిరిగిన రోజున ఫ్యాక్టరీల ఘాటు ముక్కు పట్టేది. ఆయన కిటికీ మూస్తూ, "ఇయ్యాల మనకు కొత్త సెంటు పంపిన్రు" అనేవారు. మంచి నవ్వు మనిషి. పెళ్ళిచూపుల్లో నేను ఇష్టపడింది కూడా ఆ నవ్వునే.

ఆయన షిఫ్టు వారం వారం మారేది. నాదెప్పుడూ పగలే. ఒక్కోసారి నేను తాళం తీస్తుంటే ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని మెట్లు దిగుతుండేవారు. ఆ మెట్ల మీదే నిలబడి ఇంటి ముచ్చట్లన్నీ మాట్లాడుకునేవాళ్ళం. మాకంటూ మిగిలింది ఆదివారం ఒక్కటే.

ఒక ఆదివారం కుక్కర్ కొందామని సంగారెడ్డి బయలుదేరాం. మాటల్లో పడి బోర్డు చూడకుండా ఏదో బస్సెక్కేశాం. ఊరు దాటి చేలు మొదలయ్యాక కండక్టరమ్మ వచ్చింది. "ఏడ దిగుతరు?" అని అడిగితే ఆయన తెల్లబోయి నా ముఖం చూశారు.

"ఆఖరికి ఏడ ఆగితే ఆడనే" అన్నాను నేను.

ఆడవాళ్ళకు ఛార్జీ లేదు కాబట్టి నాకు జీరో టికెట్ చింపి ఇచ్చింది. ఆయన మాత్రం జేబు తడుముకున్నారు. "నువ్వు సర్కారు చుట్టానివి, నేను ఒట్టి కిరాయి మనిషిని" అన్నారు. ఆ రోజు కుక్కర్ కొనలేదు. పేరు కూడా వినని ఊళ్ళో దిగి, టీ తాగి, బడి గోడ మీద కూర్చుని, అదే బస్సులో తిరిగొచ్చాం. ఇంటికి వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాం. అప్పటి నుంచీ అదే అలవాటైంది. ఆదివారం బస్టాండుకు పోవడం, ముందు ఏది కదిలితే అది ఎక్కడం, చివరిదాకా పోవడం.

హత్నూర దాటి ఇంకా లోపలికి పోయిన రోజు బాగా గుర్తుంది. బస్సు ఆగేసరికి ఎదురుగానే పెండ్లి పందిరి. పెళ్ళివాళ్ళనుకుని ఒక ముసలమ్మ మా ఇద్దరి చేతులూ పట్టుకుంది. "గింత ఆలస్యమా? ముందుగాల బువ్వ తినుండ్రి" అంటూ లాక్కుపోయి బంతిలో కూర్చోబెట్టింది. వడ్డించే మనిషి అనుమానంగా చూసి, "మీరు ఎవల దిక్కు?" అన్నాడు. "పిల్ల దిక్కు" అని ఆయన, "పిలగాని దిక్కు" అని నేను ఒకేసారి అన్నాం. అతను గంటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. పక్కన తింటున్న ముసలాయన, "రెండు దిక్కుల చుట్టాలేమో, ఇంకో ముక్క ఎక్కువెయ్యి" అన్నాడు. పొలమారి నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. తిన్నాక ఉత్త చేతులతో పోవడం బాగుండదని, పెండ్లికూతురు చేతిలో ఒక నోటు పెట్టి, నిజం చెప్పేశాం. ఆ పిల్ల మమ్మల్ని పక్కన నిలబెట్టుకుని ఫోటో దిగింది.

నాకు నెల తప్పాక కూడా తిరిగాం. డాక్టరమ్మను అడిగే తిరిగాం. కుదుపులు లేని రోడ్డయితే ఫరవాలేదంది. ఆరో నెలలో కర్దనూర్ దాకా పోయివచ్చిన ప్రయాణమే చివరిది. ఆ తర్వాత నా కాళ్ళు వాస్తున్నాయని ఆయనే వద్దన్నారు.

ఆయన డ్యూటీ నుంచి రాగానే చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని నా కడుపు మీద పెట్టేవారు. ఎంత కడిగినా మెషిన్ నూనె వాసన పోయేది కాదు. "మా నాయిన వచ్చిండు అని వాసనతోని గుర్తువడ్తది" అనేవారు. లోపల బిడ్డ తన్నేది. మధ్యాహ్నం కంపెనీలో అన్నాల సైరన్ మోగగానే కూడా తన్నేది. నా పక్కన పనిచేసే ఆమె, "గప్పుడే షిఫ్టు టైమింగు నేర్చింది" అని నవ్వేది.

ఎనిమిదో నెలలో, ఎండలు మొదలైన రోజుల్లో, ఒక మధ్యాహ్నం సైరన్ మోగింది. బిడ్డ కదల్లేదు. నిద్రపోతోందేమో అనుకున్నాను. సాయంత్రం తియ్యటి టీ తాగి ఎడమవైపు తిరిగి పడుకున్నాను. ఆయన వచ్చి చెయ్యి పెట్టి చాలాసేపు చూశారు. "పొద్దుగాల్నే దవాఖానకు పోదాం" అన్నారు. ఇద్దరం ఒకరికొకరం ధైర్యం చెప్పుకున్నాం. ఆ రోజే, ఆ మధ్యాహ్నమే పోయి ఉండాల్సింది. డాక్టరమ్మ తర్వాత ఎన్నిసార్లు కాదన్నా, ఈ మాట నాలో నుంచి పోలేదు.

సంగారెడ్డి ఆసుపత్రిలో కడుపు మీద చల్లటి జిగురు రాసి మిషన్ తిప్పారు. డాక్టరమ్మ అప్పటిదాకా నర్సుతో ఏదో మాట్లాడుతోంది. మాట ఆపేసింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. తెర నావైపు లేకుండా జరిపింది.

"అమ్మా, గుండె కొట్టుకుంటలేదు" అంది.

"ఎవలది?" అన్నాను. నిజంగా అట్లాగే అడిగాను.

నొప్పులు రావడానికి మందు పెట్టారు. అందరి మాదిరే నేనూ కన్నాను. అవే నొప్పులు, అదే బల్ల. పక్క బల్ల మీద ఒకామెకు కొడుకు పుట్టి గుక్కపట్టి ఏడ్చాడు. నా దగ్గర ఏ శబ్దమూ లేదు. "ఆడపిల్ల" అని నర్సు మెల్లగా చెప్పింది. పేగు మెడకు రెండు చుట్లు పడిందని డాక్టరమ్మ చెప్పింది.

"ఒకసారి చూపించుండ్రి" అన్నాను.

అప్పటికి మా అత్తమ్మ లోపలికి వచ్చి నా తల దగ్గర నిలబడి ఉంది. నా నుదుటి మీద చెయ్యి వేసి, "వద్దు బిడ్డా. చూడొద్దు. చూస్తే మళ్ళ కడుపు నిలవదంటరు. మర్చిపోవుడు కూడ కష్టమైతది" అంది. మా అమ్మ ఇంకా దారిలోనే ఉంది. తలుపు దగ్గర ఆయన ఉన్నారు. చేతుల్లో తెల్ల తువ్వాలు చుట్టిన మూట. అంత దూరంలో ఉంది నా బిడ్డ, నాలుగడుగులు.

"నువ్వన్న తీసుకురా" అన్నాను ఆయనతో.

ఆయన వాళ్ళమ్మ వైపు చూశారు. తర్వాత మూట వైపు చూసుకున్నారు. "వద్దులే" అన్నారు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు.

బిడ్డను మా అత్తగారి ఊరికి తీసుకుపోయి వాళ్ళ పత్తి చెల్క గట్టున పెట్టి వచ్చారు. ఆయన, మా మామ, ఇంకొకరిద్దరు పోయారు. నేను ఆసుపత్రి మంచం మీద ఉన్నాను.

మూడో రోజున, ఇంటికి వచ్చాక, పాలు పడ్డాయి. దానికి ఎవరూ నన్ను సిద్ధం చేయలేదు. కింది అంతస్తులో పసిపాప ఏడిస్తే నా జాకెట్టు తడిసిపోయేది. పాలు ఎండిపోతాయని మా అమ్మ మల్లెపూలు తెచ్చి, గుడ్డలో పరిచి, రొమ్ములకు గట్టిగా కట్టింది. గదంతా మల్లెపూల వాసన, దాని కింద పుల్లటి పాల వాసన. నేను తల్లో మల్లెపూలు పెట్టుకోవడం అప్పుడే మానేశాను.

మా అత్తమ్మ చెడ్డ మనిషి కాదు. వారం రోజులు నాకు వేడినీళ్ళు పోసింది, కారం లేని కూర కలిపి పెట్టింది. కానీ పలకరించడానికి వచ్చిన చుట్టాలతో నేను వింటుండగానే, "కడుపుతోని బస్సులెక్కి ఊర్లు తిరిగిన్రు. ఎవలు జెప్తే ఇన్నరు?" అంది. ఆయన అక్కడే గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. డాక్టరమ్మ చెప్పింది ఆయనా విన్నారు. పేగు చుట్టుకోవడానికీ బస్సుకూ సంబంధం లేదని ఆయన ఒక్క మాట అంటారని ఎదురుచూశాను. తల వంచుకుని కాలిగోరు చూసుకుంటూ కూర్చున్నారు.

ఆ తర్వాత మా మధ్య మాట తగ్గింది. కూర బాగుందా, గ్యాస్ చెప్పావా, కరెంటు పోయిందా, ఇవే మాటలు. ఆయన అడిగి మరీ అందరూ వద్దనే రాత్రి షిఫ్టు వేయించుకున్నారు. నేను మళ్ళీ పనిలో చేరాను. సైరన్ మోగినప్పుడల్లా చెయ్యి తనంతట తానే కడుపు మీదికి పోయేది.

ఒకరోజు ఆయన అన్నం తింటుంటే అడిగాను. "ఎట్లుండె?"

"ఏంది?"

"బిడ్డ."

ముద్ద చేతిలోనే ఆగింది. "ఎందుకిప్పుడు? మర్చిపో" అన్నారు.

"మర్చిపోనీకి నేను చూస్తే గద!"

కంచం పక్కకు జరిపి లేచి వెళ్ళిపోయారు. మర్నాడు నేను మా అమ్మవాళ్ళింటికి పోయాను. నలభై రోజులు ఉన్నాను. ఆయన రోజూ ఫోన్ చేసి, తిన్నావా అని అడిగి, ఇంకేమీ దొరక్క పెట్టేసేవారు. నేను తిరిగి రావడానికి పెద్ద కారణమేమీ లేదు. కంపెనీలో సెలవులు అయిపోయాయి. వచ్చాను.

వానలు పడుతున్న రోజుల్లో ఇంటింటి సర్వే అంటూ ఒక టీచరమ్మ వచ్చింది. పేర్లు, వయసులు, పని వివరాలు రాసుకుంటూ పోయింది. నేను తలుపు దగ్గర నిలబడి జవాబులిస్తున్నాను. ఆయన లోపల నేల మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు.

"పిల్లలు?" అంది టీచరమ్మ.

"లేరు మేడం" అన్నాను.

"ఒక బిడ్డ" అని లోపల నుంచి వినిపించింది.

ఆమె కలం ఆపి నావైపు చూసింది. ఆయన చిక్కుడుకాయల చిప్ప పట్టుకుని లేచి వచ్చారు. "ఒక ఆడబిడ్డ మేడం. పుట్టుడుతోనే పోయింది. రాసుకోండ్రి."

"అన్నా, బతికున్నోళ్ళనే రాస్తమే" అంది ఆమె ఇబ్బందిగా. కాసేపు కాగితం తిరగేసి, "గట్లాంటి గడి లేదన్నా" అంది. ఆయన సరేనన్నట్టు తల ఊపారు. ఆమె నా భుజం తట్టి మెట్లు దిగిపోయింది.

తలుపు వేసి నేను ఆయన ఎదురుగా కూర్చున్నాను. నేనేమీ అడగలేదు. ఆయనే మొదలుపెట్టారు.

"ఎంటికెలు మస్తుండె. నల్లగ, నుదుటి మీదికంటుండె. చెవులు నీయే, గీ కొస మొన తేలి. ముక్కు నాది. వేళ్ళు పొడుగు. కండ్లు మూసుకునే ఉండె. నిద్ర పోయినట్టే."

"మరి నాకెందుకు చూపియ్యలె?"

"ఒక దిక్కు చెంప మీద తోలు లేసిపోయుండె. పెదవులు నల్లగైనయి. ఎత్తుకుంటె తల పక్కకు వాలిపోయింది. గది జూస్తె జిందగీ మొత్తం నీకు గదే కనిపిస్తదనుకున్న. అమ్మ జెప్పిందని కాదు. నీకు వద్దనుకున్న. నాకు రోజూ కనిపిస్తనే ఉన్నది. మెషిన్ కాడ గూడ కనిపిస్తది. నాతోని అయితలేదు."

పెళ్ళయ్యాక ఆయన ఏడవగా నేను చూడటం అదే మొదలు. చిక్కుడుకాయలు నేల మీద పడిపోయాయి. ఆయన తల నా ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఇద్దరం జూసుంటే ఇద్దరం మోస్తుంటిమి గద. ఒక్కనివే ఎందుకు మోసినవ్?" అన్నాను. కోపం పోలేదు. అయినా చెయ్యి మాత్రం ఆయన జుట్టు నిమురుతూనే ఉంది.

మట్టిలో పెట్టేముందు బిడ్డకొక పేరు పెట్టి పిలిచానని ఆయన చెప్పారు. మా మామకు వినిపించకుండా చెవిలో అన్నారట. ఆ పేరు నాకూ చెవిలోనే చెప్పారు. ఇక్కడ రాయను.

మర్నాడు సెలవు పెట్టి ఊరికి పోయాం. చెల్కలో పత్తి మోకాలెత్తు పెరిగి ఉంది. గుర్తుకోసం మూడు రాళ్ళు పెట్టామన్నారు. గట్టు మీద రాళ్ళు లేవు. దుక్కి దున్నేటప్పుడు ట్రాక్టరు గట్టును కొంత కోసి, అవతలికి జరిపిందట. ఆయన ఒకచోట నిలబడి, "ఈడనే" అన్నారు. మా మామ ఇంకో పదడుగులు అవతల నిలబడి, "కాదురా, ఈడ. తుమ్మ మొద్దు నా ఎడమ దిక్కుండె" అన్నాడు. తండ్రీకొడుకులిద్దరూ అటూ ఇటూ తిరిగారు. కొలిచారు. వాదించుకున్నారు. చివరికి ఇద్దరూ కొలవడం ఆపేశారు. ఆయన నావైపు తిరిగి, తప్పు చేసినవాడిలా, "తెలుస్తలేదు" అన్నారు.

నేను చెప్పులు విడిచి గట్టు ఈ చివర నుంచి ఆ చివరదాకా నడిచాను. వాన పడిన మన్ను మెత్తగా ఉంది. ఎక్కడ కాలు గట్టిగా వేయాలన్నా భయమేసింది. సగం దూరంలో ఇక నడవలేక కూర్చుండిపోయాను. ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు. ఆ పేరు నేనొకసారి పైకే పిలిచాను. మా అత్తమ్మ దూరంగా బావి దగ్గర నిలబడి చూస్తోంది. దగ్గరికి రాలేదు, రమ్మని నేనూ పిలవలేదు. కాసేపటికి చెంబుతో నీళ్ళు తెచ్చి మాకు కాస్త ఇవతలే పెట్టి వెళ్ళింది.

మాకు ఇంకా పిల్లలు కాలేదు. ఆయన నవ్వు తిరిగి వచ్చింది కానీ మునుపంత తొందరగా రాదు. కొన్ని రోజులు ఆయన, కొన్ని రోజులు నేను కూలబడతాం. ఇద్దరం ఒకే రోజు కూలబడితే ఆ రోజు వంట ఉండదు.

ఈ ఏడు దుక్కులప్పుడు మా అత్తమ్మ గట్టు దగ్గర నిలబడి ట్రాక్టరును ఆపిందట. గట్టు పొడవునా రెండు సాళ్ళంత నేల దున్నకుండా వదలమందట. "గంత భూమి ఉత్తగనే పోతది గదమ్మా" అని డ్రైవరంటే, "పోనీ" అందట. మా మామ ఫోన్‌లో చెప్పాడు. ఆమె నాతో ఆ మాట ఎత్తలేదు. నేనూ ఆమెను అడగలేదు.