సువార్తమ్మగారి ఉపవాసం, వాషింగ్ మెషీన్

సువార్తమ్మగారికి డెబ్బై దాటినా నోరు మాత్రం ఇరవైలోనే ఉంది. నరసాపురంలో ఆవిడ అల్లిన లేసుకి వంక పెట్టినవాళ్ళు లేరు. అటువంటి మనిషి తుంటి విరిగి మంచాన పడ్డాక ఉపవాస ప్రార్థన మొదలుపెట్టింది. సాయంత్రం మొదలు తెల్లారేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదు. చర్చిలో అందరూ ఆవిడ భక్తిని మెచ్చుకున్నారు. పక్కింటిదాన్ని, నేనూ మెచ్చుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఓ సాయంత్రం వెళ్ళేసరికి, కోడలు బేబి ఇచ్చిన గ్లాసుడు నీళ్ళని ఆవిడ కిటికీలో ఉన్న బంతిమొక్క కుండీలో పోస్తోంది.

"మొక్కకి ఉపవాసం లేదా పిన్నిగారూ?" అన్నాను.

ఆవిడ కళ్ళు దించుకుంది. "తాగితే రాత్రి దుప్పట్లు తడుస్తాయే. బేబి మళ్ళీ ఆ మిషను వెయ్యాలి. కరెంటంతా అదే తాగేస్తోందని మా అబ్బాయి రమేషు గొణుగుతున్నాడు. అమ్మేశాడంటే ఈ వానల్లో పిల్ల చేత్తో ఉతుక్కోవాలి. ఎవరికీ చెప్పకే."

ఆవిడ పెదాలు ఎండి చీలిపోయాయి. నీళ్ళు తాగకపోతే కిడ్నీలు దక్కవని డాక్టరుగారు ముందే చెప్పారు. నాకు ఒళ్ళు మండిపోయింది. చెప్పొద్దంటే ఊరుకునే రకాన్నా నేను? కొడుకునీ కోడల్నీ కూర్చోబెట్టి అంతా చెప్పేశాను.

రమేష్ బాబు తల పట్టుకున్నాడు. చెడ్డవాడు కాదు, వట్టి అనుమానప్రాణి. "ఎంత కాలుతోందో లెక్క తేలితే నేనే నోరు మూసుకుంటానక్కా" అని, ఫోన్లో యూనిట్లు చూపించే ప్లగ్గొకటి తెప్పించాడు. దాన్ని గోడకీ మిషనుకీ మధ్య పెట్టాడు. దుప్పట్లు ఉతకడం అయి, మిషనే వేడిగాలితో ఆరబెట్టడం మొదలైన కాసేపటికి కాలిన వాసన. గబగబా స్విచ్చి కట్టేశాం. ప్లగ్గు అంచు కమిలిపోయి ఉంది.

"చూశారా, ఆ మిషను కొంప ముంచుతుందనే నా భయం" అంటూ సువార్తమ్మగారు పక్కనున్న నీళ్ళ గ్లాసుని ఇంకా అవతలికి నెట్టేసింది.

బేబి ఆ ప్లగ్గు వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివింది. "ఇది పది ఆంపులదండీ. మన మిషనుది పదహారు. తప్పు మిషనుది కాదు, మధ్యలో దూరిన దీనిది."

మర్నాడు ఎలక్ట్రీషియన్ చిట్టియ్య వచ్చాడు. మిషను ప్లగ్గు నేరుగా గోడకే పెట్టించి, ఎర్తు చూశాడు. మెయిన్ ఆపి, బోర్డులో మిషనుకి వెళ్ళే వైరు చుట్టూ చేతిగాజులాంటి రింగొకటి తొడిగాడు. వైరు కొయ్యక్కర్లేదట, బయటినుంచే కొలిచి ఫోన్లో యూనిట్లు చూపిస్తుందట. రమేష్ బాబు గదిలో ఏసీ వైరుకి కూడా ఒకటి తొడగమన్నాను, నా కడుపుమంట కొద్దీ. "బోర్డు మీరు మాత్రం విప్పకండి బాబుగారూ" అని చెప్పి వెళ్ళాడు.

మళ్ళీ దుప్పట్లు వేశాం. ప్లగ్గు చల్లగానే ఉంది, వాసనా లేదు. ఉతికి ఆరబెట్టడానికి నాలుగు యూనిట్లు. రాత్రంతా కొడుకుగారి గదిలో ఏసీకి ఏడు!

రమేష్ బాబు వెళ్ళి తల్లి మంచం మీద కూర్చున్నాడు. "మిషను ఎక్కడికీ పోదమ్మా. ఇంట్లో అసలు తాగుబోతు నా ఏసీ."

ఆవిడ కొడుకుని తేరిపార చూసింది. "బేబీ, ఓ చెంబుడు మంచినీళ్ళు పట్రామ్మా."

గ్లాసు కాదు, చెంబు. గటగటా తాగేసింది. నాకు మనసు తేలికపడి ఏడుపొచ్చేసింది. ఆవిడ మూతి తుడుచుకుని నావైపు తిరిగింది.

"ఏడుపాపి ఆ బంతిమొక్క సంగతి చూడవే. ఇవాళ్టినుంచి దానికి పోసేవాళ్ళు లేరు."