కాకుపే పండగనాడు డ్యూటీ వేసిన సునిల్డా

డిసెంబరు ఎనిమిది దగ్గరపడుతోందంటే మా సునిల్డాకి తిండి సయించదు. శాన్ లొరెన్సోలో మా చిన్న బస్సు కంపెనీకి డ్యూటీలు వేసేది ఆవిడే. పక్క కిటికీలో టిక్కెట్లు కొట్టేది నేను. ఆ రోజు కాకుపే మాత పండగ. దేశమంతా సెలవు. జనం రాత్రంతా నడిచి కొండ అవతల కాకుపే ఊళ్లో ఉన్న ఆ మాత చర్చికి చేరతారు, మొక్కు తీర్చుకుని బస్సుల్లో తిరిగొస్తారు. డ్రైవర్లకి మాత్రం మొక్కులుండవా?

"అక్కా, మా అమ్మకి ఆపరేషన్ బాగా జరిగితే నడిచొస్తానని మొక్కుకున్నా," అంటాడొకడు.

"నిరుడూ అదే అమ్మ, అదే ఆపరేషన్," అంటుంది సునిల్డా. అయినా పంపేస్తుంది. మొక్కుల జోలికి పోవడం ఆవిడకి భయం.

ఆ ఏడు పండగనాడు ఇద్దరు చెప్పాపెట్టకుండా ఎగ్గొట్టారు. మాకు డిసెంబరంటే నడివేసవి. కాకుపేలో జనం ఎండకి మాడిపోతున్నారు, ఇంకో బస్సు పంపమని యజమాని ఫోను మీద ఫోను. షెడ్డులో మిగిలింది ఫెర్మిన్ ఒక్కడే. ముందురోజు నుంచీ బండి మీదే ఉన్నాడు. మామిడిచెట్టు కింద కూచుని తెరెరే అనే చల్లటి ఆకు టీని గొట్టంతో పీలుస్తున్నాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"నిద్రపోయావా?" అంది సునిల్డా.

"ఓ కునుకు తీశాలే అక్కా."

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఆవిడ తాళాలు పట్టుకుని అలాగే నిలబడింది. లోపల ఫోను మళ్లీ మోగింది. తాళాలు ఇచ్చేసింది.

బస్సు గేటు దాటిందో లేదో, ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు. వెళ్లేటప్పుడు పర్లేదు, నిండు బస్సుతో కొండ దిగడమే కష్టం. అన్నీ మలుపులే. రావలసిన వేళ దాటింది. ఫెర్మిన్ ఫోను పలకలేదు. అవతల్నుంచి వచ్చిన మరో డ్రైవర్ని ఆపి అడిగింది.

"దారిలో ఎక్కడా కనపడలేదక్కా."

ఎక్కడా కనపడలేదంటే లోయలో ఉన్నాడనే అర్థమైంది ఆవిడకి. కుర్చీలో కూలబడింది. నేనిచ్చిన నీళ్ల గ్లాసు పక్కన పెట్టేసింది. "వాడి పెళ్లాం అడిగితే ఏం చెప్పను?" అంది.

యజమాని మళ్లీ ఫోన్ చేశాడు. "ఇంక బస్సు పంపను," అని పెట్టేసింది. ఆయనతో అలా మాట్లాడటం అదే మొదటిసారి.

పొద్దు వాలుతుండగా బస్సు మెల్లగా లోపలికొచ్చింది. జనం గొణుక్కుంటూ దిగారు. "డ్రైవర్ని కాదమ్మా, కుంభకర్ణుణ్ని పంపావు," అందొక ముసలామె.

ఫెర్మిన్ తల దించుకున్నాడు. "కొండ దిగబోతుంటే రోడ్డు రెండుగా కనపడిందక్కా. రోడ్డు దిగి చెట్లచాటున ఆపి పడుకున్నా. ముందు తిట్టారు. రాత్రంతా నడిచినోళ్లే కదా, తర్వాత వాళ్లూ గుర్రు పెట్టారు. ఫోన్లో ఛార్జింగ్ లేదు."

సునిల్డా అతని భుజం పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత, "నేను పంపకుండా ఉండాల్సింది," అంది.

మర్నాడు యజమాని కేకలేస్తే నిలబడి వింది. "ముందురాత్రి కంటినిండా నిద్రపోయిన డ్రైవర్లు ఎందరుంటే పండక్కి అన్నే బస్సులు. కాదంటే డ్యూటీలు మీరే వేసుకోండి," అంది. ఆయన వేసుకోలేదు.

ఇప్పుడు పండగనాడు కాకుపేలో జనం ఎక్కువసేపే నిలబడతారు. తిట్లు నా కిటికీ దాకా వస్తాయి. సునిల్డా భయం మాత్రం పోలేదు. ఆఖరి బస్సు లోపలికొచ్చేదాకా గేటు దగ్గరే ఉంటుంది, కూచోమన్నా కూచోదు.