గట్టిగా చెప్పు

ఇప్పుడు రైతు పార్టీ సభల్లో మా తోడల్లుడి కథ చెప్పని వక్త లేడు. మార్కెట్ యార్డులో ఆయన సింహంలా లేచాడట, "గట్టిగా చెప్పు!" అని గర్జించాడట, ఆ గర్జనకు వ్యాపారుల గుండెలు జారిపోయాయట. గోడల మీద ఆ రెండు మాటలే, జెండాల మీద ఆ రెండు మాటలే. చెప్పేవాళ్ళ నోటికి మొక్కాలి. ఆ రోజు నేను ఆయన పక్కనే మిరప ఘాటుకు తుమ్ముతూ నిలబడి ఉన్నాను. సింహమూ లేదు, గర్జనా లేదు. ఆయనకు వినబడలేదు, అంతే.

ఆయన నా భార్యకు అక్క మొగుడు. చిన్నప్పటి నుంచి ఎవరి పొలాలకో నీళ్ళు తోడే ఆయిల్ ఇంజన్ పక్కన కూలికి కూర్చుని కూర్చుని రెండు చెవులూ మందగించాయి. ఏం చెప్పినా ముందు "ఆఁ?" అంటాడు. అందుకని ఊరంతా ఆయన్ని "ఆఁ గారు" అంటుంది. ఆ పిలుపూ ఆయనకు సరిగ్గా వినబడదు కాబట్టి పేచీ లేదు. మా వదినది పెళ్ళినాటికి సన్నటి గొంతు. కాపురానికి వచ్చిన ఏడాదికల్లా, కూరలో ఉప్పు సరిపోయిందా అని ఆవిడ మొగుణ్ణి అడిగితే వీధి చివరి ఇంటివాళ్ళు సరిపోయిందని జవాబిచ్చేవాళ్ళు.

వేళాకోళం మాట అటుంచితే, అంత పనిమంతుణ్ణి నేను చూడలేదు. సొంతానికి సెంటు భూమి లేదు. ఎవరూ ముట్టని రాళ్ళ నేల ఒకటి కౌలుకు తీసుకున్నాడు. మొగుడూ పెళ్ళాలిద్దరూ రాళ్ళేరి గట్టున పోశారు, పెంట తోలారు, నడుములు విరగ్గొట్టుకున్నారు. నేల బాగుపడేసరికి దాని యజమానికి కళ్ళు తెరుచుకున్నాయి. పంట అమ్మగానే కౌలంతా ఒకేసారి చేతిలో పెట్టాలని, లేకపోతే పొలం అడిగేవాళ్ళు వేరే ఉన్నారని ఆ ఏడు కబురు పంపాడు. యార్డులో పోసిన మిరప రాశి మీదే ఆ పొలం నిలబడి ఉంది.

ఆ ఏడు అందరిదీ ఒకటే గతి. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. పైగా మా యార్డులో బేరం నోటితో జరిగేది కాదు. కొనే వ్యాపారీ, మన తరఫున అమ్మిపెట్టే దళారీ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకునేవారు. ఆ గుడ్డ కింద వేళ్ళు నొక్కుకుని ధర తేల్చుకునేవారు. పంట మనది, చెమట మనది, వేళ్ళు మాత్రం వాళ్ళవి. ఆ తర్వాత దళారి వచ్చి రైతు చెవిలో ఒక ధర ఊదేవాడు. పక్క రాశికి ఎంత పలికిందో ఎవరికీ తెలిసేది కాదు.

అలాగే వచ్చి మా తోడల్లుడి చెవిలోనూ ఊదాడు.

"ఆఁ?" అన్నాడు ఈయన.

దళారి మళ్ళీ ఊదాడు.

"ఆఁ? ఏంటీ?"

దళారి అటూ ఇటూ చూసి ఇంకోసారి గొణిగాడు. మా తోడల్లుడికి చిర్రెత్తుకొచ్చింది. ఆయన మామూలుగా మాట్లాడితేనే మనకు అరిచినట్టు ఉంటుంది. ఇక అరిస్తే చెప్పాలా?

"గొణుగుతావేంటయ్యా! గట్టిగా చెప్పు! గట్టిగా చెప్పు!"

పక్క రాశి దగ్గర కూర్చున్న పెద్దావిడ లేచి నిలబడింది. భర్త పోయాక ఒంటిచేత్తో సేద్యం నెట్టుకొస్తున్న మనిషి.

"అవును, గట్టిగా చెప్పండి," అంది. "నాకు చెప్పింది ఎంతో, ఆయనకు చెప్పేది ఎంతో అందరం వింటాం."

ఆవిడ వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక పది మంది. చూస్తూ ఉండగానే యార్డంతా అదే కేక. మా తోడల్లుడు వెనక్కి తిరిగి, నోళ్ళు తెరిచి అరుస్తున్న జనాన్ని చూసి, నా భుజం మీద చెయ్యి వేసి జాలిగా అడిగాడు.

"పాపం, వీళ్ళందరివీ ఇంజన్ చెవులేనా?"

వ్యాపారులు తువ్వాళ్ళు దులుపుకుని వెళ్ళిపోయారు. సాయంత్రానికి కబురు వచ్చింది. అల్లరి మొదలుపెట్టినవాడు వచ్చి క్షమాపణ చెప్పి, పాత పద్ధతిలో తన రాశి అమ్మాలి. అప్పటిదాకా ఎవరి సరుకూ కొనరు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతేనా!

"అన్నయ్యా, వెళ్ళి నాకు వినబడక అరిచానని చెప్పెయ్. అది నిజమేగా!" అని ఆయన చెవి దగ్గర కేకేశాను.

రాశి అంచున చెదిరిన మిరపకాయల్ని చేత్తో లోపలికి తోశాడు.

"నిజమే, అప్పుడు వినబడలేదు," అన్నాడు. "కానీ తర్వాత వీళ్ళంతా అరిచింది వినబడింది. నాకు వినబడేటంత గట్టిగా ఇంతమంది ఒకే మాట అనడం ఎప్పుడన్నా చూశావా?"

"పొలం పోతుంది అన్నయ్యా!"

"ఆఁ?" అన్నాడు. వినబడిందని నాకు తెలుసు.

వదిన వైపు చూశాను.

"నన్నేం చూస్తావ్?" అంది. "ఆ మనిషి చెవిన ఒక మాట పడటమే గొప్ప. పడ్డాక మళ్ళీ పడనట్టు ఎలా ఉంటాడు?"

అన్నదే గానీ కళ్ళు తుడుచుకుంది. ఘాటు అంది.

యార్డులోనే కూర్చున్నాం. కబురు తెలిసి చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళూ సరుకుతో వచ్చి మాతో కూర్చున్నారు. రైతు సంఘం అక్కడే పుట్టింది, అధ్యక్షుడు ఆయనే. ఆయనతో ఏ మాటైనా అరిచే చెప్పాలి కాబట్టి ఆ సంఘంలో గుసగుసలకు చోటు లేకుండా పోయింది. మా అందరికీ ధైర్యం వచ్చింది. పొలం యజమాని దగ్గర నుంచి మాత్రం వదినకు రోజూ కబురు వస్తూనే ఉంది.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన దిగింది. రేకుల షెడ్డు నిండా వ్యాపారుల బస్తాలే, మా రాశులన్నీ ఆరుబయట. అందరం పట్టాలు కప్పడానికి పరిగెత్తాం. మా తోడల్లుడి రాశి పల్లంలో ఉంది. యార్డు నీళ్ళన్నీ అటే పారాయి. వదినా, ఆయనా, నేనూ, ఆ పక్క రాశి పెద్దావిడా చేతులతో కట్టలు వేశాం, గోనెలు అడ్డం పెట్టాం. పైన పడే వానకు పట్టా కప్పగలం గానీ, కింద నుంచి వచ్చే నీటికి ఏం కప్పుతాం? వాన వెలిశాక పట్టా తీస్తే నానిన కాయల్లోంచి ఆవిర్లు లేచాయి. వదిన అక్కడే కూలబడిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు.

ఈ పంతం ఇంకొన్నాళ్ళు సాగి ఉంటే ఏమయ్యేదో గానీ, ఆ వానకు షెడ్డు కారి వ్యాపారుల సరుకూ తడిసింది. మంచి సరుకు కావలసివచ్చింది. రెండో రోజే దిగివచ్చారు. ఇక తువ్వాలు ఉండదు, ధర అందరి ముందూ పైకి చెప్పి వేలం పాట పాడాలి అని ఒప్పుకున్నారు.

జనం ఈలలు వేశారు. పాట పాడేవాడు బల్ల ఎక్కాడు. మొదటి రాశిగా మా తోడల్లుడిదే ఎంచుకున్నారు. గౌరవమని కొందరనుకున్నారు, కక్ష అని నేననుకున్నాను. వ్యాపారి గుప్పెడు కాయలు తీసి వాసన చూసి కింద పారేశాడు. రంగు పోయి తెల్లబడిన తాలుకాయ. ఆ యార్డు పుట్టాక అందరికీ వినబడేలా చెప్పిన మొట్టమొదటి ధర ఆయనదే. ఆ రోజు పలికిన అన్ని ధరల్లోకీ తక్కువదీ అదే. తర్వాత రాశి నాది. దానికి మూడింతలు పలికింది. పాట చూడ్డానికి వచ్చిన నా భార్య తన అక్క మొహం చూడలేక తల వంచుకుంది. నాకు ఆ ధర ముల్లులా గుచ్చుకుంది.

పొలం పోయింది. నలుగురం చందా వేసుకుని కౌలు కడతామన్నాం. ఆయన ఒప్పుకోలేదు, యజమాని ఆగనూ లేదు.

మరుసటి ఏడు సరుకు తీసుకుని యార్డుకు వెళితే, బస్తా దించడానికి వచ్చిన హమాలీ మా తోడల్లుడే. వద్దన్నా వినకుండా నా బస్తా వీపున వేసుకుని నడిచాడు. అంతలో పాట మొదలైంది. ఎవరో ముక్కూ మొహం తెలియని రైతు రాశి. ఆయన నడి దారిలో ఆగిపోయాడు.

"అన్నయ్యా, ముందు బస్తా దించు! నడుం పోతుంది!" అని అరిచాను.

"ఉండవయ్యా," అన్నాడు వంగి నిలబడే. "ధర విననీ."