పెద్దమ్మకు చెప్పిన సారీలు

పెద్దమ్మ ఒకసారి వాన చేత సారీ చెప్పించుకుంది. నమ్మకపోతే మీ ఖర్మ. ఆరేసిన దుప్పట్లు తడిపేసిందని మేడెక్కి, ఆకాశం వైపు వేలు చూపించి అడగవలసినవన్నీ అడిగింది. వాన నోరు మూసుకోవడమే కాదు, సాయంత్రం దాకా ఎండ కాయించి మరీ పోయింది.

ఇక మనుషులొక లెక్కా? బస్సు కండక్టరు, పళ్ల డాక్టరు, పొరపాటున ఫోన్ చేసిన పరాయివాడు, అందరూ చెప్పినవాళ్లే. కానీ ఆ మాట ఒక్కసారి చెవిన పడితే చాలు, పొంగే పాల మీద నీళ్లు చల్లినట్టు కోపం దిగిపోయేది. రెండోసారి అడిగిన పాపాన పోలేదు.

అయినా ఎక్కడ ఎవరి మీద పడుతుందోనని, నగర మారథాన్‌కు ఆమెను తీసుకెళ్లడానికి చెల్లెలి కూతురు జంకింది. ఆ అమ్మాయి టైలరు. కాళ్లు నడవవు గానీ, మూడు చక్రాల రేసు కుర్చీ ఎక్కిందంటే గాలికి చెమట పట్టిస్తుంది.

"పెద్దమ్మా, అక్కడ ఎవరితోనూ గొడవ పెట్టుకోకు."

"నాకేం పనే? వాళ్లు తిన్నగా ఉంటే నేనూ తిన్నగానే ఉంటా."

వాళ్లు తిన్నగా లేరు. అసలే దారిలో టైరు పంక్చరై, మార్చుకునేసరికి అమ్మాయి అందరికన్నా వెనకబడింది. ఆ వెనకాలే ముగింపు వ్యాన్. అది ఎవరిని దాటితే వాళ్ల పోటీ అక్కడితో సరి. ఇన్నాళ్ల సాధనా బూడిదలో పోసిన పన్నీరే. అయినా వ్యాన్ కన్నా ముందే గీత దాటగలననుకుంది. తీరా చివరి కూడలిలో ఒక నిర్వాహకుడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగమ్మా, ముఖ్య అతిథిగారి కార్లు దాటాలి."

"పోటీలో ఉన్నాను సార్! వ్యాన్ వచ్చేస్తోంది!"

"ఎలాగూ చివర్నే ఉన్నావుగా, తొందరేముంది?"

అమ్మాయికి ఒళ్లు మండిపోయింది. ఇందాక పేరున్న పరుగువీరులు వస్తుంటే ఇదే మనిషి ఊరి ట్రాఫిక్కంతా నిలిపేశాడు. ఇప్పుడు మాత్రం అతిథిగారి కారు, ఆయన బంధువుల కారు, దాని వెనక ఏ పనీ లేని కారు, అన్నీ తీరిగ్గా దాటాయి. దారి వదిలేసరికి వ్యాన్ వీపు మీదికొచ్చింది. ఎదురుగా ఎత్తు. వెనక హారన్.

అంతలో ఫుట్‌పాత్ వైపు నుంచి తెలిసిన గొంతు.

"ఏం నాయనా, ఎవర్ని చూసి ఆ హారన్?"

పెద్దమ్మ! చూడ్డానికని తెచ్చుకున్న మడతకుర్చీని వ్యాన్ ముందు, నడిరోడ్డు మీద వేసి కూర్చుంది.

"సారీ చెప్పు ముందు!"

అమ్మాయికి తల కొట్టేసినట్టయింది. మళ్లీ వెనక్కి చూడలేదు. చక్రాలను బాదుకుంటూ ఎత్తెక్కి, అవతలికి దిగి, ముగింపు గీత దాటేసింది.

పతకం మెడలో పడ్డాక గాని వ్యాన్ రాలేదు. డ్రైవరు చెమట తుడుచుకుంటూ దిగాడు.

"ఆవిడ మీ మనిషా తల్లీ? అడగ్గానే చెప్పాను సారీ. వినపడలేదంది. గట్టిగా చెబితే అరుస్తావేం అంది. మెల్లగా చెబితే మనసులోంచి రాలేదంది. దిగి చెప్పమంది, దిగాను. కళ్లజోడు తీసి చెప్పమంది, తీశాను. నీ కుర్చీ ఆ ఎత్తెక్కి అవతలికి దిగి కనపడకుండా పోయేదాకా చెబుతూనే ఉన్నాను."

ఒక్క సారీకే చల్లబడే పెద్దమ్మ! అమ్మాయి చుట్టూ చూసింది. మడతకుర్చీ చంకన పెట్టుకుని, ఆ నిర్వాహకుడి కోసం జనంలో వెతుకుతూ వస్తోందామె.

"నా కోసమే వ్యాన్ ఆపావు కదా పెద్దమ్మా!"

"నీ కోసం ఎవరాపారే? ఆ డ్రైవరుకి సారీ చెప్పడం రాదు."